వంటనూనెల స్వావలంబన: చేలకంటే ముందు రేవుల్లో తేలవలసిన లెక్క

బియ్యం, గోధుమలు గోదాముల్లో పట్టనంతగా పండించే దేశం వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచి ఎందుకు తెచ్చుకుంటోంది, ఆయిల్‌పామ్ సాగు పెంచితే ఆ లోటు తీరుతుందా, అసలు పూర్తి స్వావలంబన సాధ్యమేనా అన్నవి మీరు అడిగిన మూడు ప్రశ్నలు. నేను మెట్ట ప్రాంతాల నూనెగింజల పంటలతో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ణి. అందులో ఎక్కువ కాలం రాయలసీమ వేరుశనగతోను, చివరి కొన్నేళ్లు గోదావరి జిల్లాల ఆయిల్‌పామ్ తోటలతోను గడిచాయి. ఆ అనుభవంతో మూడో ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను. పూర్తి స్వావలంబన సమీప భవిష్యత్తులో సాధ్యం కాదు, అంతవరకు వెళ్లవలసిన అవసరమూ లేదు. మన అవసరంలో డెబ్బై శాతం దాకా ఇక్కడే పండించుకోవచ్చు. అయితే ఆ డెబ్బై శాతం రావడమా రాకపోవడమా అన్నది విత్తనం, ఎరువు, విస్తీర్ణం కంటే ఎక్కువగా విదేశీ నూనె మన రేవుల్లో ఏ ధరకు దిగుతుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఈ మాట అనడానికి కారణం కొంత వివరంగా చెప్పాలి.

ముందుగా లోటు ఎంతో చూద్దాం. నవంబరు నుంచి అక్టోబరు దాకా లెక్కించే నూనె సంవత్సరం ప్రకారం 2023-24లో మనం సుమారు 160 లక్షల టన్నుల వంటనూనెలు దిగుమతి చేసుకున్నాం. అందులో పామాయిల్ దాదాపు 90 లక్షల టన్నులు కాగా, మిగిలినదాన్ని సోయా నూనె, పొద్దుతిరుగుడు నూనె ఇంచుమించు సగం సగం పంచుకున్నాయి. పామాయిల్ వచ్చేది ప్రధానంగా ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల నుంచి, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి. ఆ ఏడాది దీనికి దేశం చెల్లించిన మొత్తం 1.3 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఆందోళన కలిగించవలసింది ఈ మొత్తం కంటే దాని నిలకడలేనితనం. 2021-22లో మనం తెచ్చుకున్నది ఇంతకంటే తక్కువ, సుమారు 140 లక్షల టన్నులే. అయినా దానికి చెల్లించింది 1.57 లక్షల కోట్లు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై నల్లసముద్రపు రేవులు మూతపడ్డాయి. ఏప్రిల్ 28 నుంచి ఇండోనేషియా తన ప్రజలకు నూనె చాలడం లేదని పామాయిల్ ఎగుమతులను దాదాపు నెలరోజుల పాటు నిలిపివేసింది. రెండు నెలల తేడాలో రెండు పెద్ద దారులు మూసుకుపోయాయి. డబ్బు చేతిలో పట్టుకున్నా సరుకు దొరకని పరిస్థితి ఎలా ఉంటుందో దేశం మొదటిసారి రుచి చూసింది.

ఆహారభద్రత అనగానే మనకు బియ్యమే గుర్తుకు రావడం వల్ల నూనె సంగతి మరుగున పడుతుంది. 2013 నాటి జాతీయ ఆహారభద్రత చట్టం హామీ ఇచ్చేది బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలకే. నూనెకు అందులో చోటు లేదు. భారత ఆహార సంస్థ గోదాముల్లో ధాన్యం నిల్వలకు త్రైమాసిక ప్రమాణాలు ఉన్నాయి గాని, వంటనూనెకు అలాంటి జాతీయ నిల్వ ఏదీ లేదు. రేషన్ దుకాణంలో పామోలిన్ ప్యాకెట్ అందుకోవడం మన తెలుగు ప్రాంతాల వారికి అలవాటే. 2008 నుంచి కొన్నేళ్లు కేంద్రం కిలోకు 15 రూపాయల రాయితీ ఇచ్చింది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అమ్మహస్తం సంచిలోనూ ఆ ప్యాకెట్ ఉండేది. కాని ఆ ప్యాకెట్‌లోని నూనె సముద్రం దాటి వచ్చినదే. అంటే పేదవాడికి అందే నూనె కూడా అంతర్జాతీయ ధరకు కట్టుబడి ఉన్నదే.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. ఈ లోటు అనాదిగా ఉన్నది కాదు, ఒకసారి పూడ్చి, తిరిగి మన చేతులతోనే తవ్వుకున్న గొయ్యి ఇది. 1980ల మధ్యలో దేశంలో నూనెగింజల ఉత్పత్తి 110 లక్షల టన్నుల లోపే ఉండేది. దిగుమతులకు విదేశీ మారకం చాలని రోజుల్లో, 1986 మేలో, రాజీవ్ గాంధీ ప్రభుత్వం నూనెగింజల సాంకేతిక మిషన్‌ను ప్రారంభించింది. పదేళ్లు తిరిగేసరికి ఉత్పత్తి రెట్టింపు దాటింది. 1990ల తొలి సంవత్సరాల్లో దిగుమతులు ఒకటి రెండు లక్షల టన్నులకు, అంటే అవసరంలో మూడు శాతం చుట్టుపక్కలకు, పడిపోయాయి. దీన్నే పసుపు విప్లవం అన్నారు. ఈ విజయాన్ని మేలు రకాల విత్తనాలకు, రబీ పొద్దుతిరుగుడుకు, మధ్యప్రదేశ్ సోయాకు, రాజస్థాన్ ఆవాలకు ఆపాదించడం వాడుకలో ఉంది. అవన్నీ నిజమే. కాని ఆ రోజుల్లో ఉద్యోగంలో చేరిన నాలాంటివారికి బాగా గుర్తున్నది మరొకటి ఉంది. 1989లో ప్రభుత్వం వేరుశనగ, ఆవ నూనెలకు ఒక ధరల పట్టీని, అంటే ఒక కనిష్ఠ ధరను, ఒక గరిష్ఠ ధరను నిర్ణయించింది. ధర కింది హద్దుకు దిగితే కొనే బాధ్యతను, పై హద్దు దాటితే నిల్వలు విడుదల చేసే బాధ్యతను జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థకు అప్పగించింది. క్షీర విప్లవ సారథి కురియన్ నాయకత్వంలోని ఆ సంస్థ ధార పేరుతో నూనెను బజారులోకి తెచ్చింది ఆ కాలంలోనే. దిగుమతి హక్కు కూడా అప్పట్లో ప్రభుత్వ వాణిజ్య సంస్థ చేతుల్లోనే ఉండేది. అందువల్ల విత్తనం వేసేనాటికి రైతుకు, నూనె కొనేనాటికి గృహిణికి ధర ఏ హద్దుల మధ్య ఉంటుందో ఒక అంచనా ఉండేది. రైతు కొత్త రకం విత్తనానికి, జిప్సానికి, మందులకు చేయి విదిల్చి ఖర్చు పెట్టింది ఆ భరోసాతోనే.

1994లో పామోలిన్ దిగుమతిని 65 శాతం సుంకంతో ప్రైవేటు వర్తకులకు తెరిచారు. మరుసటి ఏడాది మిగతా నూనెల్లో చాలావరకు ఆ జాబితాలోకి వచ్చాయి, సుంకం 30 శాతానికి దిగింది. ఆ తర్వాత 20, 1998 నాటికి 15 శాతం అయింది. ఆ వెంటనే, 1999లో, అంతర్జాతీయ పామాయిల్ ధరలు కూడా పడిపోయాయి. ఐదారేళ్ల కిందట లక్ష, రెండు లక్షల టన్నులుగా ఉన్న దిగుమతి 1998-99లో 40 లక్షల టన్నులు దాటిపోయింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒత్తిడి వల్లే ఇదంతా జరిగిందని చాలామంది రాస్తుంటారు. అది పొరపాటు. ఆ ఒప్పందం ప్రకారం పామాయిల్ మీద 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కు మనకు ఉంది. సోయా నూనెకు మాత్రం 45 శాతం పరిమితి ఉంది, అది మనకు నిజమైన చిక్కే, ఎందుకంటే పామాయిల్ మీద ఎంత గోడ కట్టినా సోయా తలుపు సగం తెరిచే ఉంటుంది. అయినా 15 శాతానికి దిగమని మనల్ని ఎవరూ బలవంతపెట్టలేదు. పట్టణాల్లో ధరలు పెరుగుతున్నాయన్న భయంతో మనమే దిగాం.

సుంకం తగ్గడానికీ ఒక చేనులో పంట మారడానికీ సంబంధం ఏమిటని అడగవచ్చు. పొద్దుతిరుగుడును చూడండి. 1990ల తొలిభాగంలో దేశంలో 20 లక్షల హెక్టార్లకు పైగా సాగైన ఈ పంట ఇప్పుడు రెండు మూడు లక్షల హెక్టార్లకు చేరింది. కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో ఒకప్పుడు రబీలో కనుచూపు మేర పచ్చగా పూసి ఉండే ఆ చేల స్థానంలో శనగ వచ్చింది, పత్తి వచ్చింది, మొక్కజొన్న వచ్చింది. నెక్రోసిస్ తెగులు, పక్షుల బెడద, విత్తనాల ఖరీదు, ఇవన్నీ కారణాలే, కాదనను. కాని తెగులుకు మందు వెతకాలన్నా, తట్టుకునే సంకరాన్ని ప్రైవేటు సంస్థ తయారు చేయాలన్నా ఆ పంటకు గిరాకీ ఉండాలి. నల్లసముద్రం నుంచి చౌకగా ముడి నూనె దిగుతుంటే మిల్లు యజమాని ఇక్కడి గింజ కొని ఆడించడు. రేవు పక్కనే శుద్ధి కర్మాగారం పెట్టుకుంటాడు. కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గర వెలసిన రిఫైనరీలను, ఆదోని వంటి ఊళ్లలో మూతపడిన మిల్లులను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది. గింజ ఆడించే వ్యాపారం ముడి నూనె శుద్ధి చేసే వ్యాపారంగా మారిపోయింది. మిల్లుల పరిమాణం విషయంలోనూ మన విధానం చాలాకాలం తడబడింది. వేరుశనగ, ఆవ నూనె గానుగలను చిన్న పరిశ్రమలకే కేటాయించిన నిబంధనను పూర్తిగా తొలగించింది 2015లో. అప్పటిదాకా చిన్న మిల్లులు గింజను పిండే పాత ఎక్స్‌పెల్లర్ యంత్రాలతో, పిండాక మిగిలే చెక్కలో నూనె మిగిల్చేస్తూ, విదేశాల భారీ కర్మాగారాలతో పోటీ పడవలసి వచ్చింది.

రైతు వైపు నుంచి చూస్తే పరిస్థితి ఇంకొంత కఠినం. దేశంలో నూనెగింజల విస్తీర్ణంలో దాదాపు 70 శాతం వర్షాధారం. నీరున్న చోట వరి, చెరకు వేస్తారు, వాటికి కొనుగోలు హామీ ఉంది, కరెంటు ఉచితం లేదా చౌక. నీరు లేని నేలే వేరుశనగకు, నువ్వులకు, కుసుమలకు, ఆముదానికి మిగులుతుంది. వరికి పెట్టిన శ్రద్ధలో పదోవంతు కూడా అందని పంటల దగ్గర వరి స్థాయి దిగుబడిని ఆశించడం న్యాయం కాదు.

నాకు బాగా తెలిసిన వేరుశనగ గురించి కొంత వివరంగా చెప్పనివ్వండి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏటా కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. అక్కడ ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్ల దాకా ఈ ఒక్క పంటే వేసేవారు. పూత దిగి ఊడలు భూమిలోకి దిగే సమయంలో రెండు మూడు వారాలు వాన ముఖం చాటేస్తే ఆ ఏడాది కాయ ఉండదు, చెట్టు మాత్రం పచ్చగానే కనిపిస్తుంది. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్లు వైరస్ వచ్చి జిల్లా అంతా పంటను తినేసింది. పార్థీనియం కలుపు పుప్పొడితో పాటు తామర పురుగులు ఆ వైరస్‌ను మోస్తాయని తర్వాత తేలింది. ఇన్ని కష్టాల మధ్య కూడా రైతు ఈ పంటను వదలలేదంటే పశువులకు కట్టె, అంటే కాయ తీశాక మిగిలే మేత, దొరకడం ఒక పెద్ద కారణం. ఢిల్లీలో తయారయ్యే ప్రణాళికల్లో ఈ కట్టె ప్రస్తావన నాకెప్పుడూ కనిపించలేదు.

వేరుశనగలో అన్నిటికంటే మొండి సమస్య విత్తనం. ఎకరాకు 60 నుంచి 80 కిలోల గింజలు కావాలి. ఒక కిలో విత్తనం నుంచి తిరిగి వచ్చేది ఎనిమిది, పది కిలోలు మాత్రమే. ఆవాలలోనైతే ఎకరాకు రెండు కిలోలు సరిపోతాయి, ఒక ఏడాది పెంచిన విత్తనం మరుసటి ఏడాది జిల్లాను కప్పేస్తుంది. వేరుశనగలో మంచి రకం విడుదలైనా ఊరూరా చేరడానికి పదేళ్లు పడుతుంది. 1940ల నాటి టీఎంవీ-2 అనే తమిళనాడు రకాన్ని మా రైతులు అరవై ఏళ్లకు పైగా వేశారు. 2005లో కదిరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన కదిరి-6 దాన్ని పక్కకు నెట్టింది. ఆ తర్వాత కదిరి లేపాక్షి రకం వచ్చింది. ఒక ఏడాది మా మండలానికి రాయితీ కింద వచ్చిన విత్తనకాయ బస్తాలు విప్పి చూస్తే సగానికి సగం బజారులో నూనె ఆడించడానికి అమ్మే కాయే. సరఫరా చేసినవారు బస్తాలకు చీటీ మాత్రం మార్చారు. మొలక రాని చేలలో రైతులు మళ్లీ విత్తడానికి అప్పు చేశారు. విత్తన గ్రామాలను ఏర్పాటు చేసి, రబీలో నీటి వసతి కింద పండించిన కాయను మరుసటి ఖరీఫ్‌కు విత్తనంగా పంచడం తప్ప దీనికి దగ్గరదారి లేదు. 2024 అక్టోబరులో కేంద్రం 10,103 కోట్లతో ఆమోదించిన నూనెగింజల జాతీయ మిషన్‌లో 65 విత్తన కేంద్రాలు, విత్తన ప్రణాళికకు సాథి అనే పోర్టల్ ఉండడం ఈ కారణంగా నాకు సంతోషం కలిగించిన అంశం.

ఆ మిషన్ లక్ష్యాలను కూడా ఒకసారి తూకం వేయాలి. 2022-23లో 390 లక్షల టన్నులుగా ఉన్న నూనెగింజల ఉత్పత్తిని 2030-31 నాటికి 697 లక్షల టన్నులకు, హెక్టారు దిగుబడిని 1,353 కిలోల నుంచి 2,112 కిలోలకు పెంచాలన్నది సంకల్పం. ఆయిల్‌పామ్‌తో కలిపి 254.5 లక్షల టన్నుల నూనె ఇక్కడే తయారై అవసరంలో 72 శాతం తీరుతుందని అంచనా. అంటే ప్రతి అంకె అనుకున్నట్టే నెరవేరినా అప్పటికి ఇంకా కోటి టన్నుల చుట్టుపక్కల దిగుమతి తప్పదు. ఎనిమిదేళ్లలో దిగుబడి సగానికి పైగా పెరగడం మన వర్షాధార పంటల చరిత్రలో అరుదు. ఆవాలు మాత్రం ఇటీవల ఆశ కల్పించాయి. 2019-20లో సుమారు 91 లక్షల టన్నులుగా ఉన్న ఆవాల ఉత్పత్తి మూడేళ్లలో 120 లక్షల టన్నులు దాటింది. దీనికి మినీకిట్ల, అంటే చిన్న విత్తన సంచుల, పంపిణీ, ప్రత్యేక కార్యక్రమాలు తోడ్పడిన మాట వాస్తవమే. కాని ఆ మూడేళ్లలో ఆవాల ధర మద్దతు ధరను మించి పోవడమే రైతును ఆ పంట వైపు లాగిందని నా నమ్మకం. తూర్పు రాష్ట్రాల్లో వరి కోశాక ఖాళీగా ఉండే దాదాపు కోటి హెక్టార్ల నేలలో కొంత భాగానికైనా తక్కువ కాలపు ఆవాలు చేరితే ఫలితం ఇంకా ఉంటుంది. జన్యుమార్పిడి ఆవాల విషయం సుప్రీంకోర్టులో ఉంది. 2024 జులైలో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు ఇచ్చారు. దాని మీద ఎవరి వాదన వారిది గాని, దిగుమతి అయ్యే సోయా నూనెలో, దేశంలోని పత్తిగింజల నూనెలో అధికభాగం జన్యుమార్పిడి పంటల నుంచే వస్తోందన్న సంగతి గుర్తుంచుకుని వాదించుకోవాలి.

ఇక ఆయిల్‌పామ్. ఒక హెక్టారు సోయా నుంచి అర టన్ను నూనె కూడా రాదు, బాగా సాకిన ఆయిల్‌పామ్ తోట నుంచి నాలుగు టన్నులు వస్తుంది. ఈ ఒక్క పోలికే పాలకులను దాని వైపు తిప్పింది. 2021 ఆగస్టులో 11,040 కోట్లతో ప్రత్యేక మిషన్ పెట్టి, 2025-26 నాటికి అదనంగా 6.5 లక్షల హెక్టార్లు నాటించాలని, ముడి పామాయిల్ ఉత్పత్తిని 11.2 లక్షల టన్నులకు, 2029-30 నాటికి 28 లక్షల టన్నులకు చేర్చాలని నిర్ణయించారు. 2025 చివరికి ఆ అదనపు విస్తీర్ణంలో సగం కూడా పూర్తి కాలేదు, ఉత్పత్తి ఇంకా నాలుగు లక్షల టన్నుల లోపే ఉంది. అందులో దాదాపు మొత్తం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలదే. కాబట్టి ఈ పంట మంచి చెడ్డలు మనకంటే బాగా చెప్పగలవారు దేశంలో లేరు.

ఏలూరు పక్క పెదవేగి, ఇటు అశ్వారావుపేట ప్రాంతాల్లో ఈ పంట నిలదొక్కుకోవడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఎకరాకు 57 మొక్కలు నాటి నాలుగో ఏడు దాకా ఎదురుచూడాలి. వేసవిలో పెద్ద చెట్టుకు రోజుకు 200 లీటర్లకు పైగా నీరు కావాలి. కోసిన గెలలను ఒకటి రెండు రోజుల్లో ఫ్యాక్టరీకి చేర్చకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పోతుంది. అందువల్ల ఫ్యాక్టరీ దూరమైతే తోట ఉన్నా లేనట్టే. మిజోరంలో మొదట నాటిన రైతులు చాలామంది రోడ్డు లేక, ఫ్యాక్టరీ లేక తోటలను వదిలేసింది ఇందుకే. ఈశాన్యాన్ని ఈ పంటకు కొత్త గనిగా చూసేవారు అక్కడి అడవుల సంగతి ఎలాగూ పట్టించుకోరు, కనీసం ఈ రవాణా లెక్కనైనా పట్టించుకోవాలి. మన దగ్గర 1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం ప్రతి ప్రాంతాన్నీ ఒక కంపెనీకి కేటాయిస్తారు. రైతు ఆ ఫ్యాక్టరీకే అమ్మాలి, ఫ్యాక్టరీ కొని తీరాలి. దీనివల్ల కొనేవాడు లేడన్న భయం పోయింది గాని, ధర నిర్ణయం మొత్తం గెలలో నూనె ఎంత శాతం వస్తుందన్న ఓఈఆర్ లెక్క మీదకు వచ్చి పడింది. తెలంగాణలో ప్రకటించే ఓఈఆర్‌నే తమకూ వర్తింపజేయాలని ఆంధ్ర రైతులు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చింది ఒకటి రెండు శాతం తేడా కోసమే. ఆ తేడా టన్నుకు వెయ్యి రూపాయలకు పైగా ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, గెల ధరను ముడి పామాయిల్ ధరకు కట్టిన తాడు. తెలంగాణలో 2022 మేలో టన్ను గెలలకు 23,000 రూపాయలు దాటిన ధర ఆ ఏడాది చివరికి 13,000 చుట్టుపక్కలకు పడిపోయింది. 2024 సెప్టెంబరులో కేంద్రం దిగుమతి సుంకం పెంచగానే నెల తిరగకుండా అది 14,000 స్థాయి నుంచి 17,000 పైకి వెళ్లింది. పాతికేళ్లు నిలిచే చెట్టును నాటిన రైతు ఆదాయం నెలల్లో మారే ఒక ప్రకటన మీద ఊగుతోందన్నమాట. ధర పడినప్పుడు ఆదుకునే వయబిలిటీ ధరను మిషన్‌లో పొందుపరచడం మంచిదే. అది ఏళ్ల తరబడి నమ్మకంగా అమలైతేనే కొత్త రైతు ముందుకు వస్తాడు. కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇది: సాగునీరు, ఫ్యాక్టరీ రెండూ దగ్గరలో ఉన్న చోట ఆయిల్‌పామ్ మంచి పంటే, కాని అది లోటులో ఒక భాగాన్నే పూడుస్తుంది. లక్ష్యం ప్రకారం 28 లక్షల టన్నులు వచ్చినా నేటి పామాయిల్ దిగుమతిలో మూడోవంతుకు చేరదు.

చర్చల్లో పెద్దగా కనిపించని వనరు తవుడు. ఇన్ని కోట్ల టన్నుల వడ్లు ఆడించే దేశంలో తవుడు నూనె పది పదకొండు లక్షల టన్నుల దగ్గర ఆగిపోయింది. మిల్లులో ఊడిన కొద్ది గంటల్లోనే తవుడులో ఆమ్లం పెరగడం మొదలవుతుంది. ఆ లోపు స్థిరీకరించకపోతే వంటకు పనికొచ్చే నూనె తీయడం కష్టం. కొత్త ఎకరం అవసరం లేని నూనె ఇది. కాని 2023 జులైలో నూనె తీసిన తవుడు ఎగుమతిని నిషేధించి, రెండేళ్లకు పైగా కొనసాగించారు. పశువుల దాణా చౌకగా ఉండాలన్నది ఉద్దేశం. తవుడు ఆడించేవారికి చెక్క ధర పడిపోతే నూనె తీసే ఉత్సాహం కూడా పడిపోతుందని ఆలోచించినవారు లేకపోయారు. సోయాలో కూడా ఇదే తర్కం పనిచేస్తుంది. సోయా గింజలో నూనె 18 నుంచి 20 శాతమే, మిగతాది దాణాకు పోయే చెక్క. మొక్కజొన్న, బియ్యం నుంచి ఇథనాల్ తీసే కర్మాగారాల్లో మిగిలే దాణా బజారును ముంచెత్తి సోయా చెక్క ధరను కుంగదీసినప్పుడు, నూనె మీద సుంకం పెంచినా గింజ ధర లేవలేదు. 2024లో మద్దతు ధర క్వింటాకు 4,892 రూపాయలు ఉండగా మధ్యప్రదేశ్ మార్కెట్లలో అంతకంటే చాలా తక్కువకు సోయా అమ్ముడుపోయి రైతులు రోడ్డెక్కింది అందుకే.

వాడకం సంగతి కూడా ఈ లెక్కలో ఉండాలి. మన తలసరి వాడకం ఏడాదికి 19, 20 కిలోలకు చేరింది. పోషకాహార నిపుణులు సరిపోతుందని చెప్పేది 12 కిలోలు. 140 కోట్ల మంది జనాభాలో తలకు ఒక కిలో తగ్గితే 14 లక్షల టన్నులు మిగులుతుంది. రెండు కిలోలు తగ్గితే మిగిలేది 28 లక్షల టన్నులు, సరిగ్గా 2029-30 ఆయిల్‌పామ్ లక్ష్యమంత. అయితే ఈ మాటను పేద ఇళ్ల ముందు చెప్పకూడదు. అక్కడ వాడేది ఇప్పటికీ తక్కువే. పెరిగిన వాడకంలో పెద్ద వాటా హోటళ్లది, బేకరీలది, ప్యాకెట్ చిరుతిళ్లది.

ఇక ఏం చేయాలంటారా? ఒక్క మార్పు చేయమంటే నేను 1989 నాటి ధరల పట్టీని నేటి రూపంలో తిరిగి తెమ్మంటాను. ముడి నూనె రేవులో దిగే ధర ఒక హద్దు కంటే పడిపోతే సుంకం దానంతట అదే పెరగాలి, మరో హద్దు దాటితే దానంతట అదే తగ్గాలి. ఆ హద్దులు మద్దతు ధరలకు ముడిపడి, విత్తనాలు వేసే ముందే అందరికీ తెలిసి ఉండాలి. శుద్ధి చేసిన నూనెకు, ముడి నూనెకు మధ్య సుంకం తేడా మన రిఫైనరీలు నిలబడేంత ఉండాలి. సుంకం లేకుండా నేపాల్ మీదుగా దొడ్డిదారిన వచ్చే నూనెకు ఒక పరిమితి పెట్టాలి. ధాన్యానికి ఉన్నట్టే నెల, రెండు నెలల అవసరానికి సరిపడే నూనె నిల్వను ప్రభుత్వం వాయిదాల్లో కొని పెట్టుకోవాలి. ఇండోనేషియా డీజిల్‌లో కలిపే పామాయిల్‌ను 2025లో 40 శాతానికి పెంచింది. అంటే ఎగుమతికి మిగిలేది ముందు ముందు తగ్గుతుందే గాని పెరగదు.

ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. 2021 అక్టోబరులో ముడి నూనెల మీద మూల సుంకాన్ని సున్నా చేశారు. 2024 సెప్టెంబరు 14న ఒక్కసారిగా 20 శాతం చేశారు, సెస్సులతో కలిపి 27.5 అయింది. 2025 మే 30న మూల సుంకాన్ని మళ్లీ 10కి దించారు. ఆ మే చివరి నాటికి మధ్యప్రదేశ్‌లో, మహారాష్ట్రలో, ఆదిలాబాదులో రైతులు ఖరీఫ్‌కు సోయా వేయాలా, మొక్కజొన్న వేయాలా అని ఆలోచిస్తూ దుక్కులు సిద్ధం చేసుకుంటున్నారు. ఆ ఖరీఫ్‌లో దేశంలో సోయా విస్తీర్ణం అంతకుముందు ఏడాదికంటే తగ్గింది, మొక్కజొన్న పెరిగింది.